నైజీరియా మహిళల ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్‌ల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికా మహిళల ఫుట్‌బాల్ మాట ఎత్తగానే ముందు వచ్చే పేరు నైజీరియా. అభిమానులు పిలుచుకునే పేరు సూపర్ ఫాల్కన్స్. ఈ జట్టు స్కోర్లు వెతికితే లెక్కలు చాలానే దొరుకుతాయి. కానీ ఒకచోట పది కప్పులని, ఇంకోచోట పన్నెండని ఉంటుంది. గెలిచిన మ్యాచ్ ఎదురుగా 'డ్రా' అని కనిపిస్తుంది. 2024 టోర్నీ తేదీలు 2025లో ఉంటాయి. మన దగ్గర ఫుట్‌బాల్ చూసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ఈ జట్టు మొదటి అధికారిక మ్యాచ్ ఏది?

1991 ఫిబ్రవరిలో ఘనాతో ఆడింది. మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్‌కు ఆఫ్రికా నుంచి ఎవరు వెళ్లాలో తేల్చే అర్హత పోటీ అది. నైజీరియా 5-1తో గెలిచింది. రెండో అంచెలోనూ (అదే జట్టుతో ఆడే రెండో మ్యాచ్) 2-1తో గెలిచి ముందుకెళ్లింది. తర్వాత గినియా మీద 3-0, 4-0, ఆఖరి పోరులో కామెరూన్ మీద 2-0, 4-0. అంటే ఆరు మ్యాచ్‌లు ఆడి ఆరూ గెలిచి, రెండే గోల్స్ ఇచ్చి చైనా విమానం ఎక్కింది.

ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాల పాటు ఖండంలో ఈ జట్టుకు గట్టి పోటీయే లేదు. అప్పట్లో చాలా దేశాలకు మహిళల జట్టే లేదు, ఉన్న కొన్ని కూడా పేర్లిచ్చి తర్వాత తప్పుకునేవి. అందుకే 1990ల పట్టికల్లో ఆడకుండానే ముందుకెళ్లిన 'వాకోవర్'లు కనిపిస్తాయి. వాటిని విజయాల లెక్కలో కలపకూడదు.

ఆఫ్రికా కప్‌లు పది గెలిచారా, పన్నెండా?

రెండు లెక్కలకూ ఆధారం ఉంది. ఒకే నగరంలోనో దేశంలోనో అన్ని జట్లూ చేరి ఆడే టోర్నీగా ఈ కప్ మొదలైంది 1998లో, నైజీరియాలోనే. అప్పటి నుంచి లెక్కపెడితే 1998, 2000, 2002, 2004, 2006, 2010, 2014, 2016, 2018, ఆపైన 2025లో ఆడిన 2024 కప్. మొత్తం పది. ఆఫ్రికా సమాఖ్య కూడా ఇలాగే చెబుతుంది. 2025లో నైజీరియా వాళ్లు తమ ప్రయత్నానికి 'మిషన్ ఎక్స్' (రోమన్ అంకెల్లో X అంటే పది) అని పేరు పెట్టుకున్నదీ పదో కప్ కోసమే.

1991, 1995లో ప్రత్యేకంగా టోర్నీ అంటూ లేదు. ప్రపంచ కప్ అర్హత పోటీలనే ఇంటా బయటా ఆడి, గెలిచినవాళ్లను ఆఫ్రికా విజేతగా చెప్పారు. 1991లో కామెరూన్ మీద, 1995లో దక్షిణాఫ్రికా మీద గెలిచింది నైజీరియాయే. 1995 ఆఖరి పోరులో రెండు అంచెలూ కలిపి స్కోరు 11-2. ఆ రెంటినీ కలిపితే పన్నెండు. నా మటుకు నేను పది అనే అంటాను. అర్హత పోటీనీ, కప్ టోర్నీనీ ఒకే గాటన కట్టడం సబబుగా అనిపించదు.

2024 కప్ 2025లో ఎందుకు జరిగింది?

తేదీలు కుదరక వాయిదా పడింది. 2024 జూలై, ఆగస్టుల్లో పారిస్ ఒలింపిక్స్ ఉన్నాయి. మొరాకోలో 2025 జూలైలో పెట్టినా పేరు మాత్రం 2024 కప్‌గానే ఉంచేశారు. అందుకని మ్యాచ్‌ల జాబితాలో వెతికేటప్పుడు టోర్నీ పేరు కాకుండా ఆడిన తేదీ చూసుకోండి.

ప్రపంచ కప్‌లో మొత్తం రికార్డు ఎలా ఉంది?

1991 నుంచి 2023 దాకా జరిగిన తొమ్మిది ప్రపంచ కప్‌లలోనూ నైజీరియా ఆడింది. ఇలా ఒక్కటీ వదలకుండా ఆడిన జట్లు ప్రపంచం మొత్తంలో ఏడే: అమెరికా, జర్మనీ, బ్రెజిల్, నార్వే, స్వీడన్, జపాన్, నైజీరియా.

ఇక గెలుపోటములు. 30 మ్యాచ్‌లు, 5 గెలుపులు, 6 డ్రాలు, 19 ఓటములు. కొట్టినవి 23 గోల్స్, ఇచ్చినవి 65. పైపైన చూస్తే నీరసంగానే ఉంది. కానీ ఆ 65 ఎప్పుడెప్పుడు పడ్డాయో విడదీసి చూస్తే కథ మారుతుంది. 1991 నుంచి 2003 వరకు నాలుగు ప్రపంచ కప్‌లలో 44 గోల్స్ పడ్డాయి. ఆ తర్వాత ఐదు ప్రపంచ కప్‌లలో కలిపి పడ్డవి 21. 2023లో నాలుగు మ్యాచ్‌లు ఆడి ఇచ్చినవి రెండే రెండు, ఆ రెండూ ఆస్ట్రేలియాకే, అదీ నైజీరియా గెలిచిన మ్యాచ్‌లో.

తొలి రెండు ప్రపంచ కప్‌లలో ఏం జరిగింది?

1991లో కోచ్ డచ్ దేశస్థుడు జో బోన్‌ఫ్రేర్. ఐదేళ్ల తర్వాత నైజీరియా పురుషుల జట్టుకు అట్లాంటా ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిపెట్టింది ఆయనే. చైనాలో మాత్రం కలిసి రాలేదు. జర్మనీ చేతిలో 0-4, ఇటలీ చేతిలో 0-1, చైనీస్ తైపీ చేతిలో 0-2. మూడో మ్యాచ్ మరీ బాధాకరం. తైపీ గోల్ కీపర్‌కు ఆరో నిమిషంలోనే రెడ్ కార్డ్ పడింది. దాదాపు మ్యాచ్ అంతా పది మందితో ఆడిన జట్టు చేతిలో ఓడిపోయారు. ఒక్క గోల్ కూడా లేకుండా ఇంటికొచ్చారు.

1995 స్వీడన్‌లో మొదటి మ్యాచే నార్వేతో. 0-8. తర్వాత రెండు రోజులకే కొత్త జట్టులా ఆడారు. కెనడా మీద 3-3 డ్రా చేసి ప్రపంచ కప్‌లో మొదటి పాయింటు తెచ్చుకున్నారు. నైజీరియా తరఫున ప్రపంచ కప్‌లో తొలి గోల్ ఆ మ్యాచ్‌లోనే రీటా న్వాడికే కొట్టింది. ఇంగ్లండ్‌తో 2-3తో ఓడినా గట్టిగానే పోరాడారు.

1999లో బ్రెజిల్‌తో ఆడిన మ్యాచ్‌ను ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారు?

మహిళల ప్రపంచ కప్‌లో ఒక ఆఫ్రికా జట్టు క్వార్టర్ ఫైనల్ ఆడింది ఆ ఒక్కసారే. 2023 దాకా ఇంకే ఆఫ్రికా జట్టూ అంత దూరం వెళ్లలేదు.

అమెరికాలో జరిగిన ఆ టోర్నీలో నైజీరియా మొదట ఉత్తర కొరియాను 2-1తో ఓడించింది. ప్రపంచ కప్‌లో అదే తొలి గెలుపు. మెర్సీ అకిడే, రీటా న్వాడికే గోల్స్ కొట్టారు. ఆ మ్యాచ్‌లో దిగిన ఇఫెయానీ చియెజినేకు అప్పటికి 16 ఏళ్ల 34 రోజులు. మహిళల ప్రపంచ కప్‌లో అందరికంటే చిన్నదన్న రికార్డు 2023 దాకా ఆమె పేరు మీదే ఉంది. రెండో మ్యాచ్ షికాగోలో ఆతిథ్య అమెరికాతో. రెండో నిమిషంలోనే ఎన్‌కిరు ఒకోసియెమే గోల్ కొట్టి స్టేడియాన్ని నిశ్శబ్దం చేసేసింది. కాసేపే. చివరికి 1-7. ఇంత దెబ్బ తిన్నాక ఏ జట్టయినా కుంగిపోతుంది. వీళ్లు డెన్మార్క్‌ను 2-0తో ఓడించి క్వార్టర్స్‌కు వెళ్లారు.

జూలై 1న వాషింగ్టన్ పక్కనున్న ల్యాండోవర్‌లో బ్రెజిల్‌తో మ్యాచ్. 35 నిమిషాలు తిరిగేసరికి బ్రెజిల్ 3-0తో ముందుంది. ఇక అయిపోయిందనుకున్నారంతా. విరామం తర్వాత 63వ నిమిషంలో ప్రిస్కా ఎమెఆఫు, 72వ నిమిషంలో ఒకోసియెమే, 85వ నిమిషంలో ఎన్‌కెచీ ఎగ్‌బే. 3-3. అదే ఊపు ఇంకో ఐదు నిమిషాలు ఉంటే సెమీస్‌కు వెళ్లేవాళ్లే అనిపిస్తుంది. ఎక్స్‌ట్రా టైమ్‌లో అప్పట్లో గోల్డెన్ గోల్ నిబంధన ఉండేది, ముందు ఎవరు కొడితే వాళ్లదే మ్యాచ్. 104వ నిమిషంలో బ్రెజిల్ ప్లేమేకర్ సీసీ కొట్టేసింది. 3-4.

ఒక మాట చెప్పాలి. అప్పుడు 16 జట్లే ఆడేవి కాబట్టి గ్రూప్ దాటితే నేరుగా క్వార్టర్ ఫైనలే. 2019, 2023లో నైజీరియా గ్రూప్ దాటాక ఆడింది ప్రిక్వార్టర్స్. అంటే మూడుసార్లూ దాటిన గడప ఒక్కటే. 1999లో ఆ గదికి పేరు వేరు.

అతి పెద్ద గెలుపు, అతి పెద్ద ఓటమి ఏవి?

గెలుపు: 2019 మేలో ఆబిజాన్‌లో జరిగిన పశ్చిమ ఆఫ్రికా టోర్నీలో నైజర్ మీద 15-0. ఓటమి: 0-8, అదీ రెండుసార్లు. ఒకటి పైన చెప్పిన 1995 నార్వే మ్యాచ్. రెండోది 2010 నవంబరులో లెవర్కూజెన్‌లో జర్మనీతో ఆడిన ఫ్రెండ్లీ. ఆ నెలలోనే ఆఫ్రికా కప్ గెలిచి, వెంటనే అక్కడికి వెళ్లి ఎనిమిది గోల్స్ ఇచ్చుకున్నారు. ఏడు నెలలకు ప్రపంచ కప్‌లో అదే జర్మనీ, అదీ సొంతగడ్డ మీద, నైజీరియాను 1-0తో మాత్రమే ఓడించగలిగింది. ఫ్రెండ్లీ స్కోర్లు చూసి అంచనాకు రావద్దని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

2003 నుంచి 2015 వరకు ప్రపంచ కప్‌లలో ఎలా ఆడారు?

2003 గురించి చెప్పుకోవడానికేం లేదు. మూడు ఓటములు, 11 గోల్స్ పడ్డాయి, ఒక్కటీ కొట్టలేదు. 2007లో స్వీడన్‌తో 1-1 డ్రా. 2011లో ఫ్రాన్స్, జర్మనీ చెరో గోల్‌తో ఓడించాయి, ఆఖరి మ్యాచ్‌లో పెర్పెటువా ఎన్‌క్వోచా గోల్‌తో కెనడాను 1-0తో ఓడించారు. 2015లో స్వీడన్‌తో 3-3. విరామానికి 0-2తో వెనకబడి, 87వ నిమిషంలో ఫ్రాన్సిస్కా ఒర్డెగా కొట్టిన గోల్‌తో గట్టెక్కారు. చూడటానికి భలే మ్యాచ్. ఆ తర్వాత ఆస్ట్రేలియా, అమెరికాల చేతిలో ఓడి గ్రూప్‌లో చివరన నిలిచారు.

ఈ పన్నెండేళ్లలో నాలుగుసార్లూ గ్రూప్ దశలోనే ఇంటికి. ప్రతిసారీ గ్రూప్‌లో స్వీడనో, అమెరికానో, జర్మనీయో ఉండేది. గ్రూప్‌లు తేల్చే డ్రా (లాటరీ) కలిసి రాలేదన్నది నిజమే, కానీ అది ఒక్కటే కారణం కాదు. ఆ దేశాల జట్లు నెలల తరబడి క్యాంపుల్లో ఉండి, ఫ్రెండ్లీలు వరసగా ఆడి వచ్చేవి. నైజీరియా మ్యాచ్‌ల జాబితాలో మాత్రం రెండు టోర్నీల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు కనిపిస్తాయి.

2000 ఆఫ్రికా కప్ ఫైనల్ పూర్తికాలేదంటారు, నిజమేనా?

నిజమే. దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గ్ దగ్గర వోస్లూరస్‌లో ఆతిథ్య జట్టుతో ఫైనల్. నైజీరియా రెండో గోల్ కొట్టాక ప్రేక్షకులు మైదానంలోకి సీసాలు విసిరారు. ఆట ఆపేశారు, మళ్లీ మొదలవలేదు. 2-0 స్కోరుతోనే కప్ నైజీరియాకు ఇచ్చారు.

ఆఫ్రికాలో నైజీరియాను ఓడించినవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. మొదట్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఇప్పుడు కాదు.

1998 నుంచి 2006 వరకు వరసగా ఐదు కప్పులు నైజీరియావే. 2004 ఫైనల్లో కామెరూన్‌ను 5-0తో ఓడించినప్పుడు ఎన్‌క్వోచా ఒక్కతే నాలుగు కొట్టింది. ఆ ఆధిపత్యానికి మొదటి గండి 2008లో పడింది. ఆతిథ్య ఈక్వటోరియల్ గినీ సెమీఫైనల్లో 1-0తో ఓడించి, చివరికి కప్ కూడా గెలిచింది. 2010లో దక్షిణాఫ్రికాలో అదే ఈక్వటోరియల్ గినీని ఫైనల్లో 4-2తో ఓడించి నైజీరియా కప్ తిరిగి తెచ్చుకుంది. ఆ టోర్నీలో ఎన్‌క్వోచా 11 గోల్స్ కొట్టింది.

2012లో దక్షిణాఫ్రికా వంతు. సెమీస్‌లో డిఫెండర్ జనీన్ వాన్ వైక్ చాలా దూరం నుంచి కొట్టిన గోల్‌తో 1-0. అక్కడి నుంచి ఈ రెండు జట్ల మధ్య పోటీ పూర్తిగా మారిపోయింది. 2018లో ఘనాలో తొలి మ్యాచ్‌లోనే థెంబీ క్‌గట్లానా గోల్‌తో దక్షిణాఫ్రికా గెలిచింది. అదే టోర్నీ ఫైనల్లో మళ్లీ ఎదురుపడితే 0-0, పెనాల్టీల్లో 4-3తో నైజీరియా బయటపడింది. 2021లో లాగోస్‌కే వచ్చి 4-2తో ఓడించి వెళ్లారు. 2022 గ్రూప్ మ్యాచ్‌లోనూ 2-1తో గెలిచారు, ఆ ఏడాది కప్ కూడా వాళ్లదే.

2022 సెమీఫైనల్ గురించి కాస్త చెప్పుకోవాలి. రబాత్‌లో ఆతిథ్య మొరాకోతో మ్యాచ్. హలిమాతు అయిండే, రషీదత్ అజిబాదే ఇద్దరూ రెడ్ కార్డ్‌లతో బయటికెళ్లారు. 70వ నిమిషం నుంచి తొమ్మిది మందే. అలాగే ఎక్స్‌ట్రా టైమ్ కూడా లాగి, 1-1తో పెనాల్టీల దాకా తీసుకెళ్లారు. 4-5తో ఓడారు. తర్వాత మూడో స్థానం మ్యాచ్‌లో జాంబియా చేతిలో 0-1.

మ్యాచ్‌ల చరిత్ర మొత్తం చదివాక నాకు అర్థమైనది ఇదే: యూరప్ జట్లకూ నైజీరియాకూ మధ్య దూరం తగ్గింది, నైజీరియాకూ మిగతా ఆఫ్రికాకూ మధ్య దూరం కూడా అంతే తగ్గింది. ఒకప్పుడు ఖండంలో ఆరేడు గోల్స్‌తో గెలిచి ప్రపంచ కప్‌లో ఆరేడు గోల్స్‌తో ఓడేవాళ్లు. ఇప్పుడు రెండుచోట్లా ఒక గోల్ తేడాతోనే తేలుతోంది.

పెనాల్టీల్లో గెలిచినా రికార్డులో 'డ్రా' అని ఎందుకు ఉంటుంది?

గణాంకాల్లో పద్ధతి అంతే. 120 నిమిషాలు అయ్యేసరికి ఉన్న స్కోరే మ్యాచ్ ఫలితం. షూటౌట్ అన్నది ఎవరు ముందుకెళ్లాలో తేల్చడానికి మాత్రమే. అందుకే 2018లో కామెరూన్‌తో సెమీస్, దక్షిణాఫ్రికాతో ఫైనల్ రెండూ 0-0 డ్రాలే. రెండు డ్రాలతో కప్ గెలిచారన్నమాట. అలాగే 2023లో ఇంగ్లండ్ చేతిలో 'ఓటమి' కూడా లెక్కల్లో ఓటమి కాదు. పైన ఇచ్చిన 5-6-19 లెక్కలో అది డ్రాల కిందే ఉంది.

2019లో ఫ్రాన్స్ పెనాల్టీ గొడవ ఏమిటి?

రెన్ నగరంలో ఆతిథ్య ఫ్రాన్స్‌తో గ్రూప్ ఆఖరి మ్యాచ్. 0-0గా సాగుతుండగా వీడియో చూసి ఫ్రాన్స్‌కు పెనాల్టీ ఇచ్చారు. వెండీ రెనార్డ్ కొట్టిన బంతి పోల్‌కు తగిలి బయటికెళ్లింది. నైజీరియా వాళ్లు సంబరాల్లో ఉండగానే మళ్లీ వీడియో. గోల్ కీపర్ చియామకా నాడోజీ బంతి తన్నకముందే గీత దాటిందని, మళ్లీ కొట్టమన్నారు. 79వ నిమిషంలో రెనార్డ్ రెండోసారి కొట్టింది. 0-1.

నిబంధన ప్రకారం అది సరైనదే. కానీ ఆ ఏడాదే ఆ నిబంధనను మార్చారు. బంతి బయటికెళ్లడానికీ కీపర్ అడుగు ముందుకు పడటానికీ సంబంధమే లేదు. కోపం రావడం సహజం. తర్వాతి కథ ఇంకా టెన్షన్. మూడు పాయింట్లతో నైజీరియా హోటల్లో కూర్చుని మిగతా గ్రూపుల ఫలితాల కోసం ఎదురుచూసింది. థాయ్‌లాండ్‌ను చిలీ మూడు గోల్స్ తేడాతో ఓడిస్తే నైజీరియా ఇంటికే. చిలీ 2-0తో ఉన్నప్పుడు చివర్లో వాళ్లకు పెనాల్టీ దొరికింది. అది క్రాస్‌బార్‌కు కొట్టుకుంది. అలా నైజీరియా ఇరవై ఏళ్ల తర్వాత నాకౌట్‌కు చేరి, గ్రెనోబుల్‌లో జర్మనీ చేతిలో 0-3తో ఓడింది.

2023లో ఏం సాధించారు?

నా లెక్కలో ఈ జట్టు ఆడిన అతి మంచి ప్రపంచ కప్ ఇదే, 1999 కన్నా కూడా. కోచ్ అమెరికాకు చెందిన రాండీ వాల్డ్రమ్. మొదటి మ్యాచ్‌లో ఒలింపిక్ విజేత కెనడాతో 0-0. కెనడా దిగ్గజం క్రిస్టీన్ సింక్లెయిర్ పెనాల్టీని నాడోజీ ఆపింది. బ్రిస్బేన్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 3-2తో ఓడించారు. ఉచెన్నా కాను, ఒసినాచీ ఒహాలే, అసిసాత్ ఓషోలా గోల్స్ కొట్టారు. ఐర్లండ్‌తో మళ్లీ 0-0.

ఆగస్టు 7న ప్రిక్వార్టర్స్‌లో ఇంగ్లండ్. అప్పటి యూరప్ విజేత. 120 నిమిషాలు ఆడినా గోల్ లేదు. నైజీరియా కొట్టిన బంతి రెండుసార్లు క్రాస్‌బార్‌కు తగిలింది. 87వ నిమిషంలో లారెన్ జేమ్స్, కింద పడివున్న మిచెల్ అలోజీ వీపు మీద కాలేసి తొక్కి రెడ్ కార్డ్ తీసుకుంది. షూటౌట్‌లో ఇంగ్లండ్ మొదటి పెనాల్టీనే బయటికి కొట్టింది. అయినా ఆ అవకాశం నిలుపుకోలేకపోయారు. ఒపారనోజీ, అలోజీ ఇద్దరూ గురి తప్పడంతో 2-4. ఆ ఇంగ్లండ్ ఫైనల్ దాకా వెళ్లింది.

ఒలింపిక్స్‌లో పరిస్థితి?

బలహీనం. నాలుగుసార్లు ఆడి (2000, 2004, 2008, 2024) 12 మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు. అది 2004 ఏథెన్స్‌లో జపాన్ మీద 1-0. ఆ గెలుపుతోనే క్వార్టర్స్‌కు వెళ్లి జర్మనీ చేతిలో 1-2తో ఓడారు. తర్వాత 2012, 2016, 2020 ఒలింపిక్స్‌కు అర్హతే సాధించలేదు. 2020కైతే ఐవరీ కోస్ట్‌తో 0-0, 1-1గా ముగిసి, బయటి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే ముందుకెళ్లే నిబంధనతో ఇంటిదారి పట్టారు. ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండానే ఒలింపిక్స్ పోయింది.

పారిస్ 2024కు దక్షిణాఫ్రికాను దాటి వెళ్లారు. అక్కడ బ్రెజిల్, స్పెయిన్, జపాన్‌లతో గ్రూప్. మూడూ ఓటములే. స్పెయిన్ అప్పటికి ప్రపంచ విజేత, నైజీరియా 85 నిమిషాల దాకా 0-0తో ఆపింది. అలెక్సియా పుతెయాస్ ఫ్రీకిక్‌తో మ్యాచ్ పోయింది.

మ్యాచ్‌ల చరిత్రలో పదేపదే డబ్బుల గొడవ ఎందుకు వస్తుంది?

రావాల్సిన బోనస్‌లు సమయానికి రాకపోవడం వల్ల. 2004లో కప్ గెలిచాక దక్షిణాఫ్రికాలో హోటల్ ఖాళీ చేసేది లేదని భీష్మించారు. 2016లో యావుండేలో కామెరూన్‌ను 1-0తో ఓడించి కప్ తెచ్చాక, అబుజా హోటల్లోనే కూర్చుండిపోయి, ప్లకార్డులు పట్టుకుని పార్లమెంటు దాకా నడిచారు. ఆ కప్ గెలిపించిన కోచ్ ఫ్లోరెన్స్ ఒమాగ్‌బెమి ఒకప్పటి కెప్టెన్. 2019లో ఫ్రాన్స్‌లో ఓడిన తర్వాత మళ్లీ హోటల్లో నిరసన. 2022లో మూడో స్థానం మ్యాచ్‌కు ముందు ప్రాక్టీసుకు వెళ్లలేదు. జాంబియా చేతిలో ఓటమిని చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. స్కోరు పట్టికలో అది కనిపించదు.

2025లో కప్ గెలిచినప్పుడు మాత్రం ప్రభుత్వం అడగకముందే ఇచ్చింది. ఒక్కో క్రీడాకారిణికి లక్ష డాలర్లకు సమానమైన నైరా, మూడు పడక గదుల ఫ్లాట్, జాతీయ పురస్కారం ప్రకటించారు. మంచిదే. కానీ బహుమానం వేరు, రావాల్సిన జీతభత్యాలు సమయానికి అందడం వేరు.

2025 ఫైనల్ ఎలా సాగింది?

జూలై 26, రబాత్. ఎదురుగా ఆతిథ్య మొరాకో, స్టాండ్స్ నిండా వాళ్ల జనమే. కోచ్ నైజీరియాకే చెందిన జస్టిన్ మడుగు. అంతకుముందు క్వార్టర్స్‌లో జాంబియాను 5-0తో చిత్తు చేశారు. సెమీస్‌లో దక్షిణాఫ్రికా మీద ఇంజురీ టైమ్‌లో అలోజీ కొట్టిన గోల్‌తో 2-1తో గెలిచారు. అలోజీ ఎంతో దూరం నుంచి గోల్ ముందుకు పంపిన బంతి ఎవరికీ తగలకుండా నేరుగా లోపలికి పోయింది.

ఫైనల్లో 24 నిమిషాలకే 0-2. గిజ్‌లాన్ షెబ్బాక్, సనా మసూదీ కొట్టారు. విరామం దాకా నైజీరియాకు దారే దొరకలేదు. 64వ నిమిషంలో పెనాల్టీ, ఎస్తేర్ ఒకోరొంక్వో గోల్ చేసింది. ఏడు నిమిషాలకు ఆమే బంతి అందిస్తే ఫోలాషాదే ఇజామిలుసి సమం చేసింది. 88వ నిమిషంలో ఒకోరొంక్వో తీసుకున్న ఫ్రీకిక్‌ను జెనిఫర్ ఎచెగిని లోపలికి తోసింది. 3-2. మూడు గోల్స్‌లోనూ ఒకోరొంక్వో చెయ్యి ఉంది, కాదు, కాలుంది. టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి కెప్టెన్ అజిబాదే, ఉత్తమ గోల్ కీపర్ నాడోజీ.

ఈ జట్టులో తప్పక తెలుసుకోవాల్సిన పేర్లు?

పాతతరంలో తలతో గోల్స్ కొట్టడంలో పేరుపడ్డ ఒకోసియెమే, 2001లో ఆఫ్రికా ఉత్తమ క్రీడాకారిణి అవార్డు తొలిసారి అందుకున్న మెర్సీ అకిడే. తర్వాత అదే అవార్డు నాలుగుసార్లు గెలిచిన ఎన్‌క్వోచా. ఆరుసార్లు గెలిచిన ఓషోలా. డిఫెండర్ ఒనోమే ఎబి 2003 నుంచి 2023 దాకా ఆరు ప్రపంచ కప్ జట్లలో ఉంది. ఇప్పటివాళ్లలో నాడోజీ, అజిబాదేలను గమనించండి.

ఈ జట్టుకు మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?

సీనియర్ల ప్రపంచ కప్‌లో రెండు దేశాలూ ఎదురుపడే వీలే లేకపోయింది. 2023 దాకా జరిగిన ఏ ప్రపంచ కప్‌కూ భారత మహిళల జట్టు అర్హత సాధించలేదు. అయితే 2022లో అండర్-17 ప్రపంచ కప్ మన దగ్గరే జరిగింది. నైజీరియా అమ్మాయిలు నవీ ముంబైలో అమెరికాను పెనాల్టీల్లో ఓడించారు. గోవాలో సెమీస్‌లో కొలంబియా చేతిలో పెనాల్టీల్లోనే ఓడారు. మళ్లీ నవీ ముంబైలో జర్మనీతో 3-3 అయ్యాక పెనాల్టీల్లో గెలిచి మూడో స్థానం తెచ్చుకున్నారు. సీనియర్ల చరిత్రలో ఈ మ్యాచ్‌లు కలవవు.

మన ఫోన్లో ఒక తేదీ, రికార్డులో ఇంకో తేదీ ఎందుకు చూపిస్తుంది?

నైజీరియా టైమ్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మొరాకో కూడా మామూలు రోజుల్లో అంతే. 2025 ఫైనల్ రబాత్‌లో రాత్రి 9కి మొదలైంది, అప్పటికి హైదరాబాద్‌లో తేదీ 27, టైమ్ అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. రికార్డుల్లో ఎప్పుడూ ఆడిన చోటి తేదీయే రాస్తారు కాబట్టి, స్కోర్ యాప్‌లో వెతికేటప్పుడు ఒక రోజు అటూఇటూ చూడండి.

కొత్తగా చూడాలనుకునేవాళ్లు ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలి?

2025 ఫైనల్ రెండో సగం. తర్వాత 2023 ఇంగ్లండ్ మ్యాచ్ మొత్తం. గోల్స్ లేవని వదిలేయకండి, నైజీరియా మధ్యవరస ఎలా బంతి లాక్కుందో చూడటానికే చూడాలి. ఓపికుంటే 1999 బ్రెజిల్ మ్యాచ్. పాత వీడియో, బొమ్మ అంత స్పష్టంగా ఉండదు. 60వ నిమిషం నుంచి చూసినా సరిపోతుంది.